మూలకు కూర్చొని అల్లిన టోపీ

"ఊలు ఇంక మిగిలిందా?"

"మిగిలింది. ఒక ఉండ ఉన్నది."

"గట్లయితే పుట్టేటోళ్లకు టోపీ అల్లు. సలికాలంల పుడుతున్నరు పాపం."

"అల్లుత తియ్యి. నువ్వు నడువు, ఆలస్యమైతున్నది."

నాకూ నా మొగుడికీ నడుమ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన యూనివర్సిటీలో అటెండరు. నేను అల్లిన కాఫీరంగు స్వెటరు తొడుక్కొని, సైకిలు తీసుకొని డ్యూటీకి పోయాడు. పొద్దు నడినెత్తికి రాకముందే డిపార్టుమెంటువాళ్ళు మోసుకొచ్చి మా క్వార్టరు ముందు దించారు. పోలీసులు వదిలిన గ్యాసు పీల్చి పోయాడని కొందరన్నారు. డాక్టరు మాత్రం గుండె ఆగిందని చెప్పాడు. స్వెటరు ఒంటి మీదే ఉంది. దాంతోనే తీసుకుపోయారు.

నాకు చదువు రాదు. బస్సు మీది బోర్డు కూడబలుక్కుంటాను, సంతకం గీస్తాను, అంతే. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. "అమ్మా, నువ్వు మాట్లాడినట్టే రాయాల్నా, పుస్తకంల ఉన్నట్టు రాయాల్నా?" అని అడిగింది. పుస్తకంలో లాగే రాయమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే ఉంచమన్నాను. అవి మారిస్తే వాళ్ళు వాళ్ళలా ఉండరు.

ముందు ఊలు ఎక్కడిదో చెప్పాలి. తార్నాకలో ఒక అమ్మగారింట్లో నేను ఏళ్ళ తరబడి గిన్నెలు తోమాను. కోస్తావాళ్ళు. అమ్మగారు టీచరు పని చేసి దిగిపోయింది. చలికాలం వస్తే వరండాలో ఎండపొడ దగ్గర కుర్చీ వేసుకొని అల్లుతూ కూర్చునేది. నేను వాకిలి ఊడుస్తూ సూదుల వైపే చూసేదాన్ని. ఒకరోజు తనే పిలిచింది.

"చీపురు అక్కడ పెట్టి ఇలా రా. సీదా, ఉల్టా. ఇంతేనే. ఎంత పెద్ద స్వెటరైనా ఈ రెండు కుట్లతోనే."

అట్లా నేర్చుకున్నాను. ఆమె అల్లగా మిగిలిన ఉండలన్నీ నాకే ఇచ్చేది. పసుపుపచ్చది గుప్పెడు, నీలం చిటికెడు, ఏదీ దేనికీ చాలదు. ఆ చలికాలం మాత్రం కాఫీరంగు ఊలు సంచెడు ఇచ్చింది. తమ్ముడికని మొదలుపెట్టిందట, ఆయన మొహం మీదే వద్దన్నాడట.

అప్పటికే తెలంగాణ కావాలని యూనివర్సిటీలో పిల్లలు రోడ్డు మీదికి వచ్చారు. రోజూ ఊరేగింపులు, రోజూ లాఠీలు. అమ్మగారు సంచి నా చేతిలో పెడుతూ అడిగింది.

"ఏవే, మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారటగా?"

"మిమ్ములెవరు పొమ్మంటరమ్మా. మీరు పోతే నాకు ఊలు ఎవరిస్తరు?"

"అంటే ఊలు ఇస్తున్నంతకాలం ఉండనిస్తారన్నమాట."

"ఊలే గాదు, పొద్దుగాల ఛాయ్ గూడ."

ఆమె నవ్వింది గానీ గేటుకు లోపలి నుంచి తాళం వేసుకోవడం ఆ రోజే మొదలుపెట్టింది. ఆ ఊలుతోనే ఆయనకు స్వెటరు అల్లాను. మిగిలిన ఉండ గురించే ఆయన పోతూ పోతూ అడిగింది.

మా దాంట్లో మొగుడు పోయిన ఆడదాన్ని మూలకు కూర్చోబెడతారు. గోడకు ఆనుకొని, చాప మీద, ఎవరొస్తే వాళ్ళతో ఏడ్చి ఊరుకోవాలి. దినం అయిపోయినా విడుదల లేదు. పుట్టింటివాళ్ళు వచ్చి తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయించాలి. ఆ నిద్ర అయ్యేదాకా ఇంకెవరి గడపా తొక్కకూడదు. నా పుట్టింటివాళ్ళంటే ఉన్నది మా అన్న ఒక్కడే. ఊరు జనగామ అవతల. ఆయన దినానికే రాలేకపోయాడు. ఒకనాడు బంద్, ఒకనాడు రైళ్ళు ఆపారు, ఒకనాడు బస్సు సగం దూరం వచ్చి వెనక్కి తిరిగింది. ఫోన్‌లో ఏడ్చేవాడు. "వస్తనే చెల్లె, రోడ్డు తెరువనియ్యి" అనేవాడు. రోడ్డు తెరుచుకోలేదు.

క్యాంపస్‌కూ అదే గతి. గేట్ల దగ్గర ముళ్ళతీగ చుట్టలు, జాలీలు కొట్టిన పోలీసు బండ్లు. క్వార్టర్లలో ఉండేవాళ్ళు కార్డు చూపిస్తేనే రాకపోకలు. మా ఇంట్లో ఉన్న కార్డు ఆయనది. ఆయన లేడు. ఒకసారి ఎవరూ లేవకముందే పాలకోసం గేటుదాకా పోతే కానిస్టేబులు కార్డు మీది ఫొటో చూసి, నన్ను చూసి, "ఈయన్ని రమ్మను" అన్నాడు. కార్డు కొంగున కట్టుకొని తిరిగి వచ్చేశాను. గ్యాసు వదిలినప్పుడు తలుపు సందుల్లో తడిబట్ట కుక్కేవాళ్ళం. ఉల్లిగడ్డ కోసి కళ్ళ దగ్గర పెట్టుకునేవాళ్ళం. అదే గది, అదే చాప. లోపల ఆచారం, బయట పోలీసులు. ఎటు లేచినా గోడే.

నాకు తోడుగా మా ఆడబిడ్డ ఉండిపోయింది. ఆయనకు అక్క. ముషీరాబాద్‌లో కాపురం. మొగుడికి పంక్చరు దుకాణం. తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి, దినం చేసి పోదామనుకొని, బంద్‌లలో చిక్కుకుంది. నోరు పెద్దది. మూలకు కూర్చున్నదానికి నియమాలన్నీ తనకే తెలిసినట్టు నా మీద కాపలా కాసేది. అద్దం చూడకు, కత్తి ముట్టకు, సూది పట్టకు.

ఇక మా బిడ్డ. అప్పుడు నిండు నెలలతో మల్కాజ్‌గిరిలో అత్తగారింట్లో ఉంది. తొలిచూలు. పురుడు తల్లిగారింట్లో పోయాలి. కానీ చావింటికి నిండు మనిషి రాకూడదు. తండ్రి మొహం చూడ్డానికి కూడా రానీయలేదు. తార్నాక నుంచి మల్కాజ్‌గిరి ఎంత దూరం? నడిస్తే గట్టిగా గంటన్నర పట్టదు. అది దుబాయి అయిపోయింది మాకు.

చాప మీద కూర్చొని నేను ఒక్కదాని గురించే ఆలోచించేదాన్ని. ఆయన చెప్పిన టోపీ ఆ పుట్టబోయే తల మీద పడాలి. చలి పోకముందే పడాలి. పురుడు నా చేతుల్లో లేకుండా పోయింది, ఆయన లేకుండా పోయాడు. టోపీ ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం అన్నం తిని ఆడబిడ్డ కునుకు తీసేది. అప్పుడు సూదులు తీసి కొంగు కింద పెట్టుకొని అల్లేదాన్ని. చూడకుండా అల్లగలను. వేళ్ళకే తెలుసు. అదే కొంప ముంచింది. నాకు వచ్చిన టోపీ ఒక్కటే. ఏటేటా మా ఆయనకు అల్లిన కోతిటోపీ. సూదికి కుట్లు ఎక్కించేటప్పుడు లెక్క పెట్టను. రెండు జానల మీద నాలుగు వేళ్ళు వచ్చేదాకా ఎక్కిస్తాను. ఆయన తల అంత. వేళ్ళు అలవాటు ప్రకారం అంతే ఎక్కించాయి. రెండు మూడు మధ్యాహ్నాలు అల్లాక ఉండ సగానికి పైగా కరిగిపోయింది. టోపీ ఇంకా చెవులు కూడా దాటలేదు. కొంగు తీసి ఒళ్ళో పరుచుకొని చూసుకున్నాను. ఆ తల ఎవరిదో తెలిసింది.

విప్పకపోతే ఊలు చాలదు. విప్పడానికి చేయి రాలేదు. కొస పట్టుకొని ఊరికే కూర్చున్నాను. బయట పిల్లలు జై తెలంగాణ అంటూ అరుస్తూ పరుగెడుతున్నారు, వెనక బూట్ల చప్పుడు. చివరికి కొస లాగాను. ఒక్కో వరుసా టకటకమని ఊడిపోతుంటే ఆయన తల నా ఒళ్ళో నుంచి జారిపోతున్నట్టే ఉంది. ఏడవలేదు. ఏడిస్తే ఆడబిడ్డ లేస్తుంది.

అయినా లేచింది. ఒళ్ళో నుంచి ఉండ జారి దొర్లుకుంటూ పోయి ఆమె కాలికి తగిలింది.

"ఏందిది?"

"ఊలు."

"ఊలని నాకు దెల్వదా? మూలకు కూసున్నదానివి సూది పట్టినవా? నా తమ్మునికి గతులుంటయా పిల్లా?"

"నీ తమ్ముడే అల్లుమన్నడు వదినె. పోయేముందు గదే అన్నడు. ఇంకోమాట అనలే."

 ఆమె వంగి ఉండ తీసి నా ఒళ్ళో వేసింది.

"వానికి ఎప్పుడు ఏం చెప్పాల్నో సోయి ఉండదు చిన్నప్పటి సంది. సరే, ఎంత తల అల్లుతున్నవు?"

"గదే దెలుస్తలేదు. పుట్టిన పిల్ల తల ఎంతుంటది?"

"మా పెద్దోనిది కుండంత ఉండె. నా పానం దీసిండు."

"కుండంత అల్లితే ఊలు సాలదు."

ఆమె వంటింట్లోకి పోయి చెంబులన్నీ తెచ్చి వరుసగా నా ముందు పెట్టింది. ఇది పెద్దదని ఒకటి, ఇది బోడిదని ఒకటి పక్కకు నెట్టింది. చివరికి నీళ్ళు తాగే చిన్న స్టీలు చెంబు ఖాయం చేశాం. తలుపు గొళ్ళెం పెట్టి, ఎవరైనా పరామర్శకు వస్తే దగ్గుతాను, సూదులు దాచెయ్ అంది. ఆ రోజు నుంచి ఆమె కునుకు తీయడం మానేసింది. ఎన్నాళ్ళకో ఇద్దరం నవ్వాం. నవ్వి మళ్ళీ భయపడ్డాం, ఎవరైనా విన్నారేమోనని.

టోపీ చెంబు నడుముకు వచ్చేసరికి ఫోన్ వచ్చింది. అల్లుడు. ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు అన్నాడు. తర్వాత వియ్యపురాలు ఫోన్ తీసుకుంది. మెల్లగా, గౌరవంగా మాట్లాడింది. అట్లా మాట్లాడితే ఎదురు చెప్పలేం.

"వదినా, ఏమనుకోకుర్రి. మీకన్న ఎక్కువ బాధ ఎవలకున్నది. గాని పసిగుడ్డు గదా. మీకు నిద్ర గూడ గాలే. మీ ఇంట్లకెళ్లి బట్టలని, బొంతలని ఏం పంపకుర్రి. పంపినా ముత్తైదువ చేతులకెళ్లి రావాలె. మీరు తెలిసినోళ్లు."

సరేనన్నాను. ఆమెను ఈరోజుకీ తప్పు పట్టను. ఆమె చోట నేనుంటే అదే మాట అనేదాన్ని, ఇంకా మొరటుగా అనేదాన్ని. నా భయం ఆమె కాదు. పోయి ఆ గడప తొక్కితే పోలీసులేం చంపరు, దేవుడేం కొట్టడు. కానీ రేపు ఆ పిల్లకు దగ్గొచ్చినా, పాలు కక్కినా, అది నా వల్లేనని అందరూ అంటారు. అందరికంటే ముందు నేను అనుకుంటాను. ఆ మూల గోడలు ఇటుకలవి కావు.

ఫోన్ పెట్టేశాక సూదులు మూట కట్టబోయాను. ఆడబిడ్డ చేయి పట్టుకుంది. అంతా విన్నది.

"ముత్తైదువ చేయి గావాల్నంటనా? మరి గిది ఏంది?" అని తన చేతులు నా మొహం ముందు పెట్టింది. గాజులు గలగలమన్నాయి. "తే, నాకు నేర్పు. నా చేయి దాంట్ల వడితే ముత్తైదువ అల్లినట్టే."

"నీకొస్తదా వదినె?"

"నీకొచ్చింది, నాకు రాదా?"

రాలేదు. సీదా అంటే ఉల్టా గుచ్చేది. "ఇంత సన్న సందులకెళ్లి గుంజాల్నా? చీమ గూడ పోదు గీడికెళ్లి" అని కుట్లు వదులు చేసుకునేది. ఒక కుట్టు జారిపోతే నేను పట్టుకోవాలి, ఇంకోటి ఎక్కువైతే నేను దించాలి. పై భాగం దగ్గర ఆమె అల్లింది నాలుగు వరుసలు. పసుపుపచ్చ ఊలు గుప్పెడు ఉందని చెప్పాను కదా, దాంతో అల్లనిచ్చాను, శుభమని. జల్లెడలాగా వచ్చాయి. నాకు విప్పి మళ్ళీ అల్లాలని చేతులు దురద పెట్టాయి. ఆమె చెంబుకు తొడిగి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. ఊరుకున్నాను. నెత్తి దగ్గర దారం పోగు చేసి ముడి నేనే వేశాను.

మర్నాడు పొద్దున పాలకోసం గేటు కాస్త వదిలారు. ఆడబిడ్డ టోపీని బొడ్డుసంచిలో దోపుకొని బయలుదేరింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కిటికీలో నుంచి చెట్లు, వాటి వెనక పోలీసు బండి నెత్తి తప్ప ఏమీ కనిపించవు. అయినా నిలబడ్డాను. అన్నం వండలేదు. దూరంగా ఫట్‌మని గ్యాసు డబ్బా పేలిన చప్పుడు వినిపించింది. ఆమె ఎటు చిక్కుకుందో. తలుపు తీసి గడప మీద కాలు పెట్టాను. పెట్టి తీసేశాను. ఇంకోసారి పెట్టాను. పక్క క్వార్టరు ఆమె చూసి, "ఏంది, నిద్ర అయ్యిందా?" అంది. లేదని లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాను.

సాయంత్రం దిగబడింది ఆడబిడ్డ. కాళ్ళు దుమ్ము. చెంబెడు నీళ్ళు గటగట తాగింది.

"పోలీసోడు ఆపిండు. కార్డేదన్నడు. నా మొగడు ముషీరాబాద్‌ల పంక్చర్లేస్తడు, కార్డు గాయన్నడుగు అన్న. పో పో అన్నడు."

"టోపీ?"

"పెట్టిన్రు. నా ముంగటనే పెట్టిన్రు. కండ్లు మూసుకొని పండుకున్నది బంగారు బొమ్మ లెక్క."

"తలకు సరిపోయిందా?"

"జరంత వదులు. నా వరుసల కాడ." కాళ్ళు చాపుకొని పిక్కలు పిసుక్కుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది. "మీ వియ్యపురాలు గుచ్చి గుచ్చి అడిగింది, ఎవరల్లిన్రు, ఎవరల్లిన్రు అని. నేనే అన్న."

"మొత్తమా?"

"మొత్తమే. నాలుగు వరుసలు నావి, తక్కినయి దానివి అని గాడ లెక్క చెప్పుతరా పిల్లా?"

నిజమే. చెబితే టోపీ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

"బిడ్డ ఏమన్నది?"

"అత్తా, నీకు అల్లనీకి ఎప్పుడొచ్చింది అన్నది. మీ అమ్మ నేర్పింది అన్న. గంత మట్టుకైతే అబద్ధం ఆడలే."

నాకు కావలసింది దొరికింది. ఆయన మాట నిలబడింది, పిల్ల తల వెచ్చగా ఉంది.  అయినా అల్లిన వేళ్ళు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. వాటికి పని లేదు, పేరు లేదు, బయటికి దారి లేదు.

మా అన్న ఎప్పటికో వచ్చాడు. నిద్ర చేయించాడు. అక్కడి నుంచి నేరుగా మల్కాజ్‌గిరి పోయాను. బిడ్డ పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. టోపీ తలకు కాస్త బిగుతైంది అప్పటికి. "చూడమ్మా, అత్త ఎంత మంచిగ అల్లిందో" అంది. పక్కనే వియ్యపురాలు నిలబడి ఉంది. పసుపు వరుసల మీద వేలు పెట్టి, "మంచిగల్లింది" అన్నాను.

తర్వాత ముళ్ళతీగలు తీసేశారు. తెలంగాణ వచ్చింది. క్వార్టరు వదిలేసి నేను బిడ్డ దగ్గరికే వచ్చాను. పండుగకో పబ్బానికో ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా వియ్యపురాలు లేని సందు చూసి నన్ను మోచేత్తో పొడిచేది. "చెప్పనా మరి?" అనేది. "వద్దు వదినె" అనేదాన్ని. ఇన్నేళ్ళూ అబద్ధం మోసింది ఆమె, దాని కింద కూర్చున్నది నేను. వియ్యపురాలు పోయాక చెబుదామనుకున్నాను. ఆమె పోయేనాటికి ఆడబిడ్డకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట లేని మనిషి చేతిలో నుంచి ఆ పేరు ఎట్లా లాక్కునేది? మొన్న ఆమె కూడా పోయింది. దినం నాడు మా బిడ్డ ఆ టోపీ పట్టుకుపోయి ఫొటో ముందు పెట్టి, అందరికీ చూపించి ఏడ్చింది. "మా మేనత్త పోలీసుల నడుమకెళ్లి తెచ్చిన టోపీ" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. తెచ్చింది ఆమే.

ఆగావేమిటి బిడ్డా, రాయి.

అల్లింది నేను. మూలకు కూర్చొని, నిద్ర కాకముందు, సూది ముట్టకూడని చేతులతో అల్లాను. ముందు మీ నాయిన తల అంత అల్లి, విప్పి, మళ్ళీ నీ బిడ్డ తల అంత అల్లాను. నీ బిడ్డకు ఏమీ కాలేదు. దగ్గు కూడా రాలేదు. ఆ పసుపు వరుసలు మాత్రం అత్తవే, అవి ఆమె పేరు మీదే ఉంచు. ఆమె లేకపోతే అది చెంబుకే ఉండిపోయేది.

నీ మొహం నేను చూడను, నువ్వూ నా మొహం చూడకు. రాసింది కొట్టేయకు. నీళ్ళు తాగి వచ్చి, మొదటి నుంచి నాకు చదివి వినిపించు. అత్త మాటలు అత్త లెక్కనే చదువు. నేను అల్లానన్న చోట గొంతు తగ్గించకు.